ఫోటోల దిద్దుబాటు కొరకు పాత కంప్యూటరు సామర్థ్యం పెంపు

ఫోటోల దిద్దుబాటు కొరకు పాత కంప్యూటరు సామర్థ్యం పెంపు అనగా కొన్ని సంవత్సరాలుగా వాడుకలో ఉన్న కంప్యూటరులో ర్యామ్‌ను పెంచి, హార్డ్ డిస్కు స్థానంలో గాని, దానికి తోడుగా గాని ఎస్ఎస్‌డిని అమర్చి, ఆ యంత్రాన్ని డిజిటల్ కెమెరాలు తీసే పెద్ద చిత్రాలపై పని చేయడానికి అనువుగా మార్చుకోవడం. ఇందులో ప్రాసెసరును, మదర్‌బోర్డును మార్చరు. ఫోటోల దిద్దుబాటులో పాత కంప్యూటరు మందగించడానికి అనేక సందర్భాలలో ప్రాసెసరు శక్తి చాలకపోవడం కారణం కాదు. కావలసిన సమాచారం డిస్కు నుండి వచ్చేవరకు ప్రాసెసరు ఖాళీగా వేచి ఉండవలసి రావడం కారణం. ఆ నిరీక్షణను తగ్గించగలిగితే 2011 తరువాత తయారైన యంత్రాలలో చాలావరకు సాధారణ అవసరాలకు ఇంకా పనికివస్తాయి.

ఈ పనిలో ఒక ప్రమాదం కూడా ఇమిడి ఉన్నది. డిస్కు చెడిపోతే మరొకటి కొనవచ్చు గాని, అందులోని ఫోటోలు పోతే తిరిగి రావు. ఒక డిస్కు నుండి మరొక డిస్కుకు మారే సమయంలోనే పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయి. కనుక భాగాల ఎంపిక కంటె ముందుగా ఫోటోల నకళ్ళను భద్రపరచడం ఈ ప్రక్రియలో మొదటి మెట్టు.

నేపథ్యం

కంప్యూటరులో సమాచారం ప్రధానంగా రెండు చోట్ల ఉంటుంది. పని జరుగుతున్నంతసేపు ర్యామ్‌లోను, పని ముగిసిన తరువాత డిస్కులోను ఉంటుంది. ర్యామ్ చదువుకునే బల్ల వంటిది, డిస్కు పుస్తకాల బీరువా వంటిది. బల్ల చిన్నదైతే ప్రతి పుటకూ లేచి బీరువా వద్దకు వెళ్ళవలసి వస్తుంది.

నేటి ర్యామ్‌కు మూలమైన డైనమిక్ ర్యామ్‌ను ఐబిఎం సంస్థకు చెందిన రాబర్ట్ డెనార్డ్ 1966లో రూపొందించగా 1968లో దానికి పేటెంటు లభించింది. మొట్టమొదటి వాణిజ్య హార్డ్ డిస్కు ఐబిఎం 350ను 1956లో ప్రవేశపెట్టారు. 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్ళాలు ఉన్నప్పటికీ దాని సామర్థ్యం 4 మెగాబైట్ల లోపే. ఎస్ఎస్‌డిలకు ఆధారమైన ఫ్లాష్ మెమరీని 1980వ దశకంలో తోషిబా సంస్థలో ఫ్యూజియో మసువోకా రూపొందించాడు.

ఫోటోల దిద్దుబాటుకు ప్రసిద్ధమైన ఫోటోషాప్ తొలి కూర్పు 1990 ఫిబ్రవరిలోను, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన గింప్ తొలి కూర్పు 1996లోను విడుదలైనవి. ఈ సాఫ్ట్‌వేర్లు ఎదిగినట్లే కెమెరాల చిత్రాలు కూడా పెరిగాయి. 2003లో వచ్చిన కానన్ ఇఓఎస్ 300డి సుమారు 6 మెగాపిక్సెళ్ళ చిత్రాన్ని తీయగా, 2012లో వచ్చిన నికాన్ డి3200 సుమారు 24 మెగాపిక్సెళ్ళ చిత్రాన్ని తీయగలదు. అదే 2012లో అమ్ముడైన సాధారణ కంప్యూటర్లలో అనేకం 4 గిగాబైట్ల ర్యామ్‌తో వచ్చినవి. అనగా కెమెరాకు, కంప్యూటరుకు మధ్య ఈ అంతరం యంత్రం పాతబడినందువలన మాత్రమే ఏర్పడినది కాదు, కొన్ననాడే ఉన్నది.

ఒక ఫోటో ఆక్రమించే స్థలం

డిస్కులో 8 లేక 10 మెగాబైట్లు మాత్రమే ఉన్న జెపెగ్ ఫైలు, తెరచిన వెంటనే ర్యామ్‌లో అంతకు అనేక రెట్ల స్థలాన్ని ఆక్రమిస్తుంది. జెపెగ్ అనేది కుదించిన రూపం. దిద్దుబాటు చేయాలంటే దానిని విప్పి, ప్రతి పిక్సెల్‌ను విడివిడిగా మెమరీలో ఉంచవలసి ఉంటుంది. 6000 పిక్సెళ్ళ వెడల్పు, 4000 పిక్సెళ్ళ ఎత్తు గల 24 మెగాపిక్సెళ్ళ చిత్రానికి లెక్క ఈ విధంగా ఉంటుంది.

* ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వర్ణాలకు ఒక్కొక్క బైటు (8 బిట్లు) చొప్పున: 7.2 కోట్ల బైట్లు, అనగా 72 మెగాబైట్లు.
* ఒక్కొక్క వర్ణానికి 16 బిట్లు చొప్పున: 144 మెగాబైట్లు.
* 16 బిట్లలో పూర్తి పరిమాణం గల ఐదు పొరలు ఉన్నచో: 720 మెగాబైట్లు.
* ఒక్కొక్క పిక్సెల్‌కు 32 బిట్ల విలువలు నాలుగు చొప్పున: 384 మెగాబైట్లు.

చివరి లెక్క ఊహాజనితం కాదు. కెమెరా ముడి చిత్రాలను సంస్కరించే డార్క్‌టేబుల్ వంటి సాఫ్ట్‌వేర్ లోపల ఈ విధంగానే పని చేస్తుంది. ఒక దశకు ముందున్న చిత్రం, ఆ దశ తరువాతి చిత్రం రెండూ ఏకకాలంలో అవసరం కనుక ఒక్క ఫోటోకే సుమారు 770 మెగాబైట్లు కావలసి ఉంటుంది. ర్యామ్ చాలనప్పుడు ఇటువంటి సాఫ్ట్‌వేర్ చిత్రాన్ని ముక్కలుగా చేసి ఒక్కొక్క ముక్కపై పని చేస్తుంది. పని ఆగదు గాని, కాలం పెరుగుతుంది. వీటికి తోడు, చేసిన మార్పును వెనుకకు తీసుకునే సౌకర్యం కొరకు పాత స్థితులను కూడా సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టుకోవలసి ఉంటుంది.

మందగించడానికి కారణం

ర్యామ్ నిండిపోయినప్పుడు ఆపరేటింగ్ సిస్టం, వెంటనే అవసరం లేని భాగాలను డిస్కులోని ఒక ప్రత్యేక స్థలానికి తరలిస్తుంది. దీనిని విండోస్‌లో పేజ్ ఫైలు అనీ, లినక్స్‌లో స్వాప్ అనీ అంటారు. ఫోటోషాప్ దీనికి అదనంగా స్క్రాచ్ డిస్కు పేరుతో తన సొంత తాత్కాలిక స్థలాన్ని వాడుకుంటుంది. తరలించిన భాగం మళ్ళీ అవసరమైనప్పుడు డిస్కు నుండి వెనుకకు తేవలసి ఉంటుంది. డిస్కు దీపం విడువక వెలుగుతూ, మౌస్ కదలిక కూడా తడబడడం ఈ స్థితికి గుర్తు.

హార్డ్ డిస్కులో సమాచారం తిరిగే పళ్ళాలపై ఉంటుంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కులో ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు చదివే ముల్లు క్రిందికి రావడానికి సగటున అందులో సగం, అనగా సుమారు 4.2 మిల్లీసెకన్లు వేచి ఉండాలి. ముల్లు తన వరుసకు జరగడానికి పట్టే సుమారు 9 మిల్లీసెకన్లు దీనికి కలుపవలసి ఉంటుంది. కనుక చెదురుమదురుగా ఉన్న చోట్ల నుండి చదివేటప్పుడు సెకనుకు 75 సార్లకు మించి చదవడం కష్టం. ల్యాప్‌టాప్‌లలో సాధారణమైన 5400 చుట్ల డిస్కులలో ఇది ఇంకా తక్కువ. కదిలే భాగాలు లేని ఎస్ఎస్‌డి ఇదే పనిని సుమారు 0.1 మిల్లీసెకనులో చేయగలదు. హార్డ్ డిస్కుకు, ఎస్ఎస్‌డికి మధ్య అనుభవంలో కనిపించే తేడాకు ముఖ్య కారణం ఇదే గాని, ప్రకటనలలో కనిపించే సెకనుకు ఇన్ని మెగాబైట్లు అనే సంఖ్య కాదు.

లోపాన్ని గుర్తించే విధానం

భాగాలు కొనే ముందు కంప్యూటరును తన మామూలు పనిలో పరిశీలించాలి. సాధారణంగా తెరచే సాఫ్ట్‌వేర్లను, ఫోటోలను తెరచి, మందగించిన సమయంలో విండోస్‌లో టాస్క్ మేనేజర్‌ను, మాక్‌లో యాక్టివిటీ మానిటర్‌ను, లినక్స్‌లో సిస్టం మానిటర్‌ను చూడాలి.

* ర్యామ్ దాదాపు పూర్తిగా నిండి, డిస్కు వినియోగం కూడా 100 శాతానికి చేరువలో ఉంటే ముందుగా ర్యామ్ పెంచవలసి ఉంటుంది.
* ర్యామ్‌లో ఖాళీ ఉన్నప్పటికీ కంప్యూటరు మొదలవడం, సాఫ్ట్‌వేర్లు తెరచుకోవడం, వందలాది ఫోటోల సూక్ష్మచిత్రాలు కనిపించడం ఆలస్యమైతే ఎస్ఎస్‌డి వలన ప్రయోజనం ఉంటుంది.
* ర్యామ్‌లోను, డిస్కులోను ఒత్తిడి లేకుండా ప్రాసెసరు మాత్రమే 100 శాతం పని చేస్తుంటే ఈ రెండు మార్పుల వలన చెప్పుకోదగిన లాభం ఉండదు.

డిస్కు ఆరోగ్యాన్ని తెలిపే స్మార్ట్ వివరాలను కూడా ఈ దశలోనే చూడాలి. చెడిపోయి వేరే చోటుకు మార్చబడిన సెక్టార్ల సంఖ్య, చదవడానికి వీలుకాక వేచి ఉన్న సెక్టార్ల సంఖ్య పెరుగుతూ ఉంటే ఆ డిస్కు మందగించడానికి కారణం పాతదనం కాదు, రోగం. అటువంటప్పుడు మిగిలిన పనులన్నీ ఆపి ముందుగా ఫోటోలను బయటకు తీయాలి.

ర్యామ్ పెంపు

రకాలు

డిడిఆర్ ర్యామ్‌లో ఒక తరానికి చెందిన పలక మరొక తరం గాడిలో పట్టదు. పలక అంచున ఉండే గాటు స్థానం తరానికొక విధంగా ఉండడం దీనికి కారణం.

* డిడిఆర్2: 1.8 వోల్టులు, డెస్క్‌టాప్ పలకకు 240 పిన్నులు, ల్యాప్‌టాప్ పలకకు 200.
* డిడిఆర్3: 1.5 వోల్టులు (డిడిఆర్3ఎల్ అయినచో 1.35), డెస్క్‌టాప్ పలకకు 240, ల్యాప్‌టాప్ పలకకు 204.
* డిడిఆర్4: 1.2 వోల్టులు, డెస్క్‌టాప్ పలకకు 288, ల్యాప్‌టాప్ పలకకు 260.
* డిడిఆర్5: 1.1 వోల్టులు, డెస్క్‌టాప్ పలకకు 288, ల్యాప్‌టాప్ పలకకు 262.

పరిమితులు

ఎంత ర్యామ్ వేయవచ్చును అనేది ప్రాసెసరు, మదర్‌బోర్డు, ఆపరేటింగ్ సిస్టం మూడింటిపై ఆధారపడి ఉంటుంది. ఈ మూడింటిలో తక్కువైనదే అసలు పరిమితి. 32 బిట్ల ఆపరేటింగ్ సిస్టం సాధారణంగా 2 ఘాతం 32, అనగా 429,49,67,296 బైట్ల చిరునామాలను మాత్రమే గుర్తించగలదు. అందులో కొంత భాగం ఇతర పరికరాలకు పోగా 32 బిట్ల విండోస్‌లో 3 నుండి 3.5 గిగాబైట్లు మాత్రమే వాడుకకు మిగులుతుంది. కనుక 8 గిగాబైట్ల ర్యామ్ కొని 32 బిట్ల విండోస్‌నే ఉంచుకున్నవారికి ఆ వ్యయం వృథా అవుతుంది. ముందుగా 64 బిట్ల కూర్పుకు మారవలసి ఉంటుంది.

పాత యంత్రాలకు చౌకగా దొరికే పలకలలో కొన్ని అందరికీ పనికిరావు. సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ రకం పలకలు సాధారణ డెస్క్‌టాప్ బోర్డులలో పని చేయవు. డిడిఆర్3లో కేవలం ఎఎండి ప్రాసెసర్లతో మాత్రమే పని చేసే పలకలు కూడా విపణిలో కలవు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో డిడిఆర్3ఎల్ మాత్రమే వేయాలి. పలుచని ల్యాప్‌టాప్‌లలో అనేకం ర్యామ్‌ను బోర్డుకే అతికించి తయారైనవి. వాటిలో పెంచడానికి వీలు లేదు.

ఎంత అవసరం

24 మెగాపిక్సెళ్ళ జెపెగ్ చిత్రాలలో వెలుగు, రంగు సరిదిద్దడానికి 8 గిగాబైట్లు సరిపోతుంది. ముడి చిత్రాలు, అనేక పొరలు, చిత్రాలను కలిపి చేసే విశాలదృశ్యాలు ఉంటే 16 గిగాబైట్లు తగినది. అంతకు మించి వేసినందువలన వేగం దానంతట అదే పెరగదు. బల్ల నిండనప్పుడు ఇంకా పెద్ద బల్ల తెచ్చినంత మాత్రాన చదువు వేగం పెరగదు. ఒకే సామర్థ్యం గల రెండు పలకలను రెండు ఛానెళ్ళలో వేసినప్పుడు ర్యామ్ రెండు మార్గాలలో ఒకేసారి సమాచారం అందిస్తుంది. డిడిఆర్3-1600 రకంలో ఒక మార్గపు గరిష్ఠ వేగం సెకనుకు 12.8 గిగాబైట్లు కాగా రెండింటికి 25.6 గిగాబైట్లు. వేర్వేరు వేగాలు గల పలకలను కలిపితే అన్నీ తక్కువ వేగంతోనే పని చేస్తాయి.

అమర్చడం, పరీక్షించడం

కంప్యూటరును ఆపి, విద్యుత్ తీగను ఊడదీసి, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీని కూడా తొలగించాలి. ఒంటిపై చేరిన స్థిర విద్యుత్తు చిప్పులకు హాని చేయగలదు కనుక ముందుగా క్యాబినెట్ లోహభాగాన్ని తాకాలి. పలకను అంచులతో పట్టుకుని, గాటును గాడితో సరిచూసి, రెండు వైపులా కొక్కేలు పడేవరకు సమంగా నొక్కాలి. తెర రాకుండా బీప్ శబ్దాలు వినిపిస్తే చాలాసార్లు పలక పూర్తిగా కూర్చోకపోవడమే కారణం.

అమర్చిన తరువాత మెమ్‌టెస్ట్86+ వంటి సాధనంతో కొన్ని గంటలపాటు పరీక్షించడం అవసరం. ఈ పరీక్షలో ఒక్క తప్పు కనిపించినా ఆ పలకను అంగీకరించరాదు. లోపం గల ర్యామ్ కంప్యూటరును ఎల్లప్పుడూ ఆపివేయదు. ఒక్కొక్కసారి యంత్రం మామూలుగానే నడుస్తూ, ఫోటోను భద్రపరచే క్షణంలో దానిలోని కొన్ని బైట్లను మార్చివేస్తుంది. చిత్రంలో సగం బూడిదరంగుకు మారినట్లు కొన్ని నెలల తరువాత తెలిసేసరికి నకళ్ళలో కూడా ఆ చెడిన ఫైలే చేరి ఉండవచ్చు.

నిల్వ సాధనం మార్పు

అనుసంధానం

2.5 అంగుళాల ఎస్ఎస్‌డిలు శాటా తీగ ద్వారా కలుస్తాయి. శాటా మూడు వేగాలలో వచ్చినది. వాటి గరిష్ఠ వేగాలు సెకనుకు వరుసగా 150, 300, 600 మెగాబైట్లు. కొత్త ఎస్ఎస్‌డి పాత శాటాతో కూడా పని చేస్తుంది గాని పాతదాని వేగానికి పరిమితమవుతుంది. ఎం.2 అనే చిన్న పలకలలో కొన్ని శాటా పద్ధతిని, మరికొన్ని ఎన్‌విఎంఈ పద్ధతిని అనుసరిస్తాయి. చూడడానికి రెండూ ఒకే విధంగా ఉంటాయి కనుక కొనేటప్పుడు వివరం చదవడం అవసరం. 2011లో తొలి ప్రమాణం వెలువడిన ఎన్‌విఎంఈని పాత మదర్‌బోర్డులు చాలావరకు గుర్తించవు. పిసిఐ ఎక్స్‌ప్రెస్ గాడిలో అడాప్టరు ద్వారా అమర్చినప్పుడు అవి ఫైళ్ళ నిల్వకు పనికివచ్చినప్పటికీ వాటి నుండి కంప్యూటరు మొదలవకపోవచ్చు.

కణాలలో తేడాలు

ఫ్లాష్ మెమరీలో ఒక కణంలో నిలిపే బిట్ల సంఖ్యను బట్టి ఎస్ఎల్‌సి (1), ఎంఎల్‌సి (2), టిఎల్‌సి (3), క్యూఎల్‌సి (4) అని విభజించారు. నాలుగు బిట్లకు ఒకే కణంలో 16 స్థాయిలను గుర్తించవలసి ఉంటుంది కనుక క్యూఎల్‌సిలో వ్రాత నెమ్మదిగా సాగుతుంది, ఆయుర్దాయం కూడా తక్కువ. దిద్దుబాటు పనికి టిఎల్‌సి రకం మేలైనది. వ్రాసిన కొద్దీ ఎస్ఎస్‌డి అరిగిపోతుందన్న భయం సాధారణ వాడుకలో అక్కరలేదు. 300 టెరాబైట్ల వ్రాతకు హామీ గల 500 గిగాబైట్ల ఎస్ఎస్‌డిలో రోజుకు 50 గిగాబైట్లు వ్రాసినా ఆ పరిమితి చేరడానికి 6000 రోజులు, అనగా 16 సంవత్సరాలకు పైగా పడుతుంది.

అసలు సామర్థ్యం కంటె ఎక్కువ చూపే నకిలీ సాధనాలు కూడా అమ్మకంలో కలవు. వాటిలో కొంతవరకు మాత్రమే ఫైళ్ళు నిజంగా నిలుస్తాయి. మిగిలినవి పేర్లు కనిపించినా తెరచుకోవు. కొన్న వెంటనే మొత్తం సామర్థ్యం మేరకు వ్రాసి తిరిగి చదివే ఎఫ్3, హెచ్2టెస్ట్‌డబ్ల్యు వంటి సాధనాలతో పరీక్షించిన తరువాతనే వాటిలో ఫోటోలు ఉంచాలి.

పనుల విభజన

ఫోటోలన్నిటినీ ఎస్ఎస్‌డిలోనే ఉంచవలసిన అవసరం లేదు. ఆపరేటింగ్ సిస్టం, సాఫ్ట్‌వేర్లు, ఫోటోల క్యాటలాగు, సూక్ష్మచిత్రాల నిల్వ, స్క్రాచ్ స్థలం, ప్రస్తుతం పని చేస్తున్న ఫోటోలు ఎస్ఎస్‌డిలోను, పూర్తయిన పాత ఫోటోలు పెద్ద హార్డ్ డిస్కులోను ఉంచడం వాడుకలో ఉన్న పద్ధతి. ఒక ఫోటోను వరుసగా చదవడంలో హార్డ్ డిస్కు మరీ వెనుకబడదు. వేలకొలది చిన్న ఫైళ్ళను వెదకడంలోనే దాని బలహీనత బయటపడుతుంది.

ఒక ఉదాహరణ

2012 నాటి ఇంటెల్ కోర్ ఐ5-3470 ప్రాసెసరు, హెచ్61 చిప్‌సెట్ గల మదర్‌బోర్డు, 4 గిగాబైట్ల డిడిఆర్3 ర్యామ్, 7200 చుట్ల 500 గిగాబైట్ల హార్డ్ డిస్కు గల కంప్యూటరును పరిశీలించవచ్చు. ప్రాసెసరు 32 గిగాబైట్ల ర్యామ్‌ను అంగీకరిస్తుంది. కాని హెచ్61 బోర్డులో రెండే గాళ్ళు ఉంటాయి కనుక 8 గిగాబైట్ల పలకలు రెండు వేసి 16 వరకే పోవచ్చు. హెచ్61లో సెకనుకు 600 మెగాబైట్ల శాటా లేదు. 300 మెగాబైట్లదే ఉన్నది. అందువలన 550 మెగాబైట్ల వేగం గలదని పెట్టెపై వ్రాసిన ఎస్ఎస్‌డి ఇక్కడ సుమారు 270 మెగాబైట్ల వద్ద ఆగిపోతుంది.

ఈ సంఖ్యను చూసి ఎస్ఎస్‌డి దండుగ అనుకోవడం పొరపాటు. ఒక్కొక్కటి 30 మెగాబైట్లు గల 1000 ముడి చిత్రాలను వరుసగా చదవడానికి సెకనుకు 120 మెగాబైట్లు చదివే హార్డ్ డిస్కుకు సుమారు 4 నిమిషాలు పడితే ఈ ఎస్ఎస్‌డికి 2 నిమిషాల లోపు పడుతుంది. ఇక్కడ తేడా రెండింతలే. కాని చెదురుగా చదివే పనిలో 13 మిల్లీసెకన్ల నిరీక్షణ 0.1 మిల్లీసెకనుకు తగ్గడంలో శాటా వేగానికి ప్రమేయం లేదు. ఆ వంద రెట్ల లాభం హెచ్61 యజమానికి కూడా దాదాపు పూర్తిగా అందుతుంది. పాత బోర్డులకు అత్యంత వేగం గల ఎస్ఎస్‌డి కొనడం వలన లాభం లేదనీ, సాధారణ ఎస్ఎస్‌డి అయినా కొనకపోవడం వలన నష్టం ఉన్నదనీ ఈ ఉదాహరణ వలన తెలుస్తుంది.

ఫోటోల భద్రత

ఛాయాచిత్రకారుడు పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 నియమం ప్రకారం ప్రతి ఫోటోకు మూడు ప్రతులు ఉండాలి. అవి కనీసం రెండు రకాల సాధనాలలో ఉండాలి. వాటిలో ఒకటి వేరే చోట ఉండాలి. డిస్కు మార్చే ముందు పాటించవలసిన క్రమం ఈ విధంగా ఉంటుంది.

# ఫోటోలను బయటి డిస్కుకు నకలు చేయాలి. పాత డిస్కులో లోపాలు కనిపిస్తే పదే పదే తెరచి చూడక, డిడిరెస్క్యూ వంటి సాధనంతో ఒకేసారి నకలు తీయాలి.
# ఫైళ్ళ సంఖ్య, మొత్తం పరిమాణం రెండు వైపులా సమానమో కాదో సరిచూడాలి. వీలైతే చెక్‌సమ్‌లను పోల్చాలి. మొదటి, మధ్య, చివరి సంవత్సరాల ఫోటోలు కొన్నింటిని నకలు నుండే తెరచి చూడాలి.
# ముడి చిత్రాలతో పాటు ఎక్స్ఎంపి ఫైళ్ళను, క్యాటలాగును కూడా నకలు చేయాలి. ముడి చిత్రంలో దిద్దుబాట్లు ఉండవు. అవి ఈ ఫైళ్ళలోనే ఉంటాయి. ఫోటోలను మాత్రమే తెచ్చుకున్నవారికి చిత్రాలు మిగిలి, వాటిపై చేసిన శ్రమ పోతుంది.
# ఆ తరువాతనే ఎస్ఎస్‌డిని అమర్చి, ఆపరేటింగ్ సిస్టంను కొత్తగా స్థాపించడం గాని, క్లోన్‌జిల్లా వంటి సాధనంతో పాత డిస్కును యథాతథంగా దింపడం గాని చేయాలి. క్లోన్ చేసేటప్పుడు ఏది మూలం, ఏది గమ్యం అన్నది రెండుసార్లు చూసుకోవాలి. ఇవి తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కుపై పడుతుంది.
# కొత్త అమరికలో అన్నీ తెరచుకుంటున్నాయని రూఢి అయ్యేవరకు పాత డిస్కును చెరపక కొన్ని వారాలు పక్కన ఉంచాలి.

ఎస్ఎస్‌డి వేగవంతమైనదే గాని నకలుకు ప్రత్యామ్నాయం కాదు. హార్డ్ డిస్కు చెడిపోయే ముందు శబ్దం, మందగింపు వంటి సూచనలు ఇవ్వవచ్చు. ఎస్ఎస్‌డి అనేక సందర్భాలలో ముందస్తు సూచన లేకుండానే ఆగిపోతుంది. అంతేగాక, హార్డ్ డిస్కులో పొరపాటున తొలగించిన ఫోటోలను కొన్నిసార్లు ప్రత్యేక సాఫ్ట్‌వేర్లతో వెలికితీయవచ్చు. ఎస్ఎస్‌డిలో ట్రిమ్ అనే ఆదేశం తొలగించిన ఫైలు స్థానాన్ని ఖాళీ చేయిస్తుంది కనుక ఆ అవకాశం దాదాపు ఉండదు. విద్యుత్తు లేకుండా దీర్ఘకాలం అలమరలో ఉంచడానికి కూడా ఎస్ఎస్‌డి తగినది కాదు. బాగా వాడిన ఎస్ఎస్‌డిలో, ముఖ్యంగా వేడి ప్రదేశాలలో, కణాలలోని విద్యుదావేశం క్రమంగా తగ్గిపోతుంది.

ఆపరేటింగ్ సిస్టం

మదర్‌బోర్డు అమరికలలో శాటా పద్ధతి ఐడిఇ అని ఉంటే ఎహెచ్‌సిఐగా మార్చాలి. ఈ మార్పును విండోస్ కొత్తగా స్థాపించే ముందే చేయాలి. తగిన సన్నాహం లేకుండా తరువాత మారిస్తే విండోస్ మొదలవకపోవచ్చు. ట్రిమ్ సౌకర్యం విండోస్ 7 నుండి కలదు. ఎక్స్‌పి, విస్టాలలో లేదు. విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14న, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినవి. విండోస్ 11 అధికారికంగా టిపిఎం 2.0ను, ఇంటెల్ అయితే చాలావరకు 2017 నుండి వచ్చిన ఎనిమిదవ తరం, ఆ తరువాతి తరాల ప్రాసెసర్లను కోరుతుంది. కనుక పైన చెప్పిన 2012 యంత్రానికి ఎంత ర్యామ్ వేసినా విండోస్ 11 అధికారికంగా లభించదు.

ఇటువంటి యంత్రాలకు లినక్స్ ఒక మార్గం. గింప్, డార్క్‌టేబుల్, రాథెరపీ, డిజికామ్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు అందులో లభ్యమవుతాయి. 2018లో వచ్చిన గింప్ 2.10 నుండి ఒక్కొక్క వర్ణానికి 16, 32 బిట్ల దిద్దుబాటు కూడా సాధ్యమైనది. ఫోటోషాప్‌కు అలవాటుపడినవారికి పద్ధతులు కొత్తగా నేర్చుకోవలసి ఉంటుంది. పాత విండోస్‌నే ఉంచుకోదలచినవారు ఆ కంప్యూటరును అంతర్జాలానికి కలుపకుండా దిద్దుబాటుకు మాత్రమే వాడుకోవడం మంచిది.

పరిమితులు

ర్యామ్, ఎస్ఎస్‌డి కలిసి నిరీక్షణను తగ్గిస్తాయి గాని గణనను వేగవంతం చేయవు. వందలాది ముడి చిత్రాలను జెపెగ్‌లుగా మార్చడం, మచ్చలు తొలగించడం, యంత్ర అభ్యసనం ద్వారా మనుషులను నేపథ్యం నుండి విడదీయడం వంటివి ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డులపై ఆధారపడతాయి. ఈ పనులే ప్రధానమైనవారికి పాత యంత్రంపై వ్యయం చేయడం కంటె కొత్తది తీసుకోవడం మేలు. ర్యామ్ బోర్డుకు అతికించి ఉన్నచో, మదర్‌బోర్డు పరిమితి 4 గిగాబైట్లే అయినచో, డిడిఆర్2 కాలానికి చెందిన యంత్రమైనచో కూడా ఇదే నిర్ణయం వర్తిస్తుంది. అయినప్పటికీ కొత్తగా కొన్న ఎస్ఎస్‌డి వృథా కాదు. శాటా ఎస్ఎస్‌డిని తరువాతి కంప్యూటరులో వాడుకోవచ్చు, లేక ఒక చిన్న పెట్టెలో అమర్చి బయటి డిస్కుగా మార్చుకోవచ్చు. పాత తరం ర్యామ్‌కు మాత్రం ఈ వెసులుబాటు లేదు.

తీసివేసిన పాత డిస్కును ఇతరులకు ఇచ్చే ముందు దానిలోని ఫైళ్ళను తొలగించడం చాలదు. మొత్తం డిస్కుపై సున్నాలు వ్రాయించాలి. ఆరోగ్యంగా ఉన్న డిస్కును ఇవ్వకుండా నకళ్ళలో ఒకదానికి ఉపయోగించడం మరింత మంచిది. ఫోటోల ఒక ప్రతిని అందులో ఉంచి వేరే ఇంట భద్రపరిస్తే 3-2-1 నియమంలోని చివరి అంకె కూడా నెరవేరుతుంది.

ఇవి కూడా చూడండి

* ర్యామ్
* హార్డ్ డిస్కు
* ఫ్లాష్ మెమరీ
* డిజిటల్ కెమెరా
* గింప్
* లినక్స్